మొదటి గడి

రిటైరవడానికి ఇంకా ఇరవై రెండు రోజులుందనగా పే సెక్షన్ నుంచి చిన్న లిఫ్టుకి ఒక కవరు వచ్చింది.

అతని అసలు పేరు జీతాల పట్టీకి తప్ప ఇంకెవరికీ అక్కర్లేదు. లిఫ్టులు బిగించి, చెడిపోతే బాగుచేసే ఆ కంపెనీలో అన్నదమ్ములిద్దరూ మెకానిక్కులే. అన్న ముందు చేరాడు కాబట్టి పెద్ద లిఫ్టు. ఏడేళ్లు చిన్నవాడు కాబట్టి తమ్ముడు చిన్న లిఫ్టు. జుట్టు నెరిసి, మోకాళ్లు అరిగి, అరవై నిండబోతున్నా అతను చిన్న లిఫ్టే. పెద్ద లిఫ్టు మాత్రం ఇప్పుడు లేడు. రిటైరైన పద్నాలుగో నెలలో, స్నానానికి నీళ్లు పెట్టుకుని, అవి కాగేలోపలే గుండె ఆగి పోయాడు.

కవరులో నాలుగు పేజీల ఫారం ఉంది. మూడో పేజీలో పెన్షను అన్న మాట కింద రెండు గడులు. మొదటి గడి ప్రకారం నెలకి ఇరవై వేలు, ఉద్యోగి బతికున్నంత కాలం. రెండో గడి ప్రకారం నెలకి పదిహేడు వేలే, కానీ ఉద్యోగి పోయాక అందులో సగం భార్యకి, ఆమె ఉన్నంత కాలం. ఏదో ఒక దానిలోనే టిక్కు పెట్టాలి. పెట్టాక మార్చడానికి వీల్లేదు. పదిహేను రోజుల్లో తెచ్చివ్వాలి.

ఇంకెవరైనా అయితే ఇంటికెళ్లి, భార్యని పక్కన కూర్చోబెట్టుకుని లెక్క చూసుకునేవాళ్లు. చిన్న లిఫ్టు ఆ పేజీని రెండోసారి చదవలేదు. కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, ఆ రోజు పని ఉన్న భవనానికి వెళ్లి, ఎనిమిది అంతస్తులూ మెట్ల మీదుగా ఎక్కాడు. లిఫ్టు పనిచేస్తూనే ఉంది. అతనికే అందులో నిలబడాలనిపించలేదు.

ఆ ఫారం అతనికి కొత్త కాదు. ఏడేళ్ల కిందట దాన్ని తన చేత్తోనే నింపాడు, అన్న కోసం.

పెద్ద లిఫ్టుకి మోటారు శబ్దం వింటే చాలు, రోగం ఎక్కడుందో తెలిసిపోయేది. కాగితమంటే మాత్రం భయం. మాన్యువళ్లు చదివి చెప్పడం, లీవు చీటీలు రాయడం అన్నీ తమ్ముడి వంతే. అందుకే ఆ ఫారం కూడా ఒక మధ్యాహ్నం, ఏదో పెద్ద భవనం మేడ మీద మోటారు గదిలో, తిండి తిన్నాక తమ్ముడి చేతికే ఇచ్చాడు. తమ్ముడు పేజీలు తిప్పాడు. అప్పట్లో రెండు గడుల మధ్య తేడా రెండు వేలు. "నీకేం అన్నా, గుండ్రాయిలా ఉన్నావు. ఊరికే రెండు వేలు ఎందుకు వదులుకుంటావు?" అని తానే మొదటి గడిలో టిక్కు పెట్టి, సంతకం ఎక్కడ చెయ్యాలో వేలితో చూపించాడు. అన్న సంతకం చేశాడు. అంతా కలిపి పావుగంట పట్టలేదు.

పెద్ద లిఫ్టు పోయిన నెలతోనే పెన్షను ఆగిపోయింది. ఒకేసారి చేతికొచ్చిన ఫండు డబ్బు అప్పటికే పాత అప్పులకీ, ఇంటి అడ్వాన్సుకీ వెళ్లిపోయింది. పిల్లల్లేరు. వదిన రెండు నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగి, రాదని తేలాక ఇంకేమీ అనకుండా ఒక క్లినిక్కులో దుప్పట్లు ఉతికే పనికి కుదిరింది. అప్పటికామెకి యాభై ఆరు. ఇప్పుడు అరవై రెండు దాటాయి. ఇవాళ్టికీ పొద్దున్నే ఏడింటికల్లా ఆ గదిలో ఉంటుంది. రూలు అలా ఉంది కాబోలు, మన ఖర్మ అని ఆమె అనుకుంటోంది. కాదు, అక్కడ రెండో గడి కూడా ఉండేదని ఆమెకి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాడు నోరు విప్పలేదు.

అయిదు రోజులు చిన్న లిఫ్టు కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. ఫారం జేబులోంచి తీస్తాడు, మళ్లీ పెడతాడు. పెన్ను రాయడం లేదని ఇంకొకటి కొన్నాడు. రెండో గడిలో టిక్కు పెట్టాలని మొదటి రోజే తేల్చుకున్నాడు, అందులో అనుమానమేమీ లేదు. కానీ పెన్ను దగ్గరికి తీసుకెళ్తే చెయ్యి ఆడదు. అలాంటి గడి ఉందని తెలిసి తన భార్య కోసం టిక్కు పెట్టడమంటే, వదిన విషయంలో చేసినదేమిటో తన చేత్తో తాను రాసుకున్నట్టే. ఇంట్లో భార్య ఏమైందని అడిగితే మోకాలు నొప్పన్నాడు. పనిలో బోల్టు బిగించి, బిగించానో లేదోనని మళ్లీ వెనక్కెళ్లి చూసుకున్నాడు, ఒకే బోల్టుకి మూడుసార్లు.

ఆరో రోజు పే సెక్షన్‌కి వెళ్లాడు. అక్కడ కొత్తగా వచ్చిన అమ్మాయి ఉంది. వయసులో అతని కూతురికన్నా ఒకటి రెండేళ్లు పెద్దదేమో. ఫారం అర్థం కాలేదని, మొదటి నుంచి చెప్పమని అడిగాడు. అర్థం కాకపోవడమన్నది అబద్ధమే గానీ, ఎవరో ఒకరు ఎదురుగా కూర్చుని చెబితే మనసు కుదుటపడుతుందని ఆశ.

ఆ అమ్మాయి విసుక్కోలేదు. ఒక వాడేసిన కవరు వెనక్కి తిప్పి, మూడు గీతలు గీసి, ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది. మొదటిది కంపెనీ ఫండు. జీతంలో ప్రతి నెలా కొంత కోస్తారు, అంతే మొత్తం కంపెనీ కలుపుతుంది, రిటైరైన రోజున అంతా ఒకేసారి చేతికొస్తుంది. రెండోది పెన్షను. అందులో మనకంటూ ఒక మొత్తం కనపడదు, నెలనెలా వస్తుందంతే. మూడోది ఎవరికి వాళ్లు ఇష్టమై కట్టుకునే సొంత ఖాతా. అది కంపెనీ దగ్గర ఉండదు, బయట ఫండు ఆఫీసులో ఉంటుంది. అందులోనూ రెండు రకాలు. ఒక రకంలో కట్టేటప్పుడు పన్ను ఉండదు, తీసుకునేటప్పుడు వేస్తారు. ఇంకో రకంలో పన్ను కట్టేసిన డబ్బే వేస్తాం కాబట్టి, తీసుకునేటప్పుడు ఎవరూ ఏమీ అడగరు.

ప్రతి దానికీ చిన్న లిఫ్టు ఒకే ప్రశ్న వేశాడు. మనిషి పోతే అది ఎవరిది?

ఆ అమ్మాయి పెన్ను ఆపి అతని ముఖం చూసింది. "అందరూ ఎంతొస్తుందని అడుగుతారండీ. మీరేంటి ఇదే అడుగుతున్నారు?" అంది. అతను కవరు మీది గీతలే చూస్తుంటే తనే చెప్పింది. ఫండు నామినీకి పోతుంది. పెన్షను టిక్కు పెట్టిన గడిని బట్టి. సొంత ఖాతా అయితే మనిషి పోయినా పోదు, నామినీ వచ్చి అడిగేదాకా అక్కడే ఉంటుంది, ఎన్నేళ్లయినా సరే. నాలుగో పేజీ చివర భార్య సంతకం తప్పనిసరి అని కూడా గుర్తు చేసింది. ఆ రూలు అయిదేళ్ల కిందటే వచ్చిందట. అంతకుముందు ఇంట్లో ఆడవాళ్లకి తెలియకుండానే అయిపోయేదట.

ఆ చివరి మాట అతని చెవుల్లో పడింది గానీ, మనసు అప్పటికే మూడో గీత దగ్గర ఆగిపోయింది. సొంత ఖాతా. ఎప్పుడో, అన్నకింకా పెళ్లి కాకముందు, ఇద్దరూ ఒక చిన్న గదిలో ఉండే రోజుల్లో, ఫండు ఏజెంటొకడు వర్క్‌షాపుకి వచ్చి, ఖాతా తెరిచినవాళ్లకి తలా ఒక గొడుగు ఇచ్చాడు. గొడుగు కోసమే ఇద్దరూ చేరారు. చిన్న లిఫ్టు నాలుగేళ్లకే, జరిమానా పోయినా పోనీ అని డబ్బు తీసేసుకుని స్కూటరు కొన్నాడు. అన్న తీశాడా? తీస్తే ఫారం రాసిపెట్టాల్సింది తనే. రాసిన గుర్తు లేదు.

పాత రికార్డులు చూడమని అడిగాడు. నేను పుట్టకముందు సంగతులండీ ఇవి, అంటూనే ఆ అమ్మాయి గోడౌనులోంచి లావుపాటి పుస్తకాలు తెప్పించింది. పెద్ద లిఫ్టు జీతంలోంచి తొమ్మిదేళ్లు కోత ఉంది. ఆ తరవాత ఆపేశారు. తీసుకున్నట్టు ఎక్కడా లేదు.

మర్నాడు సెలవు పెట్టి ఫండు ఆఫీసుకి వెళ్లాడు. ఆఫీసు తెరవడానికి ముప్పావుగంట ముందే వెళ్లి, ఆ వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి పదిసార్లు నడిచాడు. లోపల కౌంటరులో ఉన్న ఆఫీసరు అన్న మరణ పత్రం చూసి, కంప్యూటరులో వెతికి, కనపడక, పాత నంబరుతో మళ్లీ వెతికాడు. ఖాతా ఉంది. ఏటా పంపిన ఉత్తరాలు ఎప్పుడో ఖాళీ చేసిన ఆ పాత గది అడ్రసుకి వెళ్లి తిరిగొచ్చేశాయి. అన్నదమ్ములిద్దరూ మర్చిపోయిన డబ్బు ముప్పై ఏడేళ్లుగా తన మానాన తాను పెరుగుతూ కూర్చుంది. పన్ను ముందే కట్టిన రకం కాబట్టి ఇప్పుడు కోతేమీ ఉండదు. ఎంత ఉందో చెప్పాలంటే మాత్రం మీరెవరో ముందు తేలాలన్నాడు ఆఫీసరు.

చిన్న లిఫ్టు తన గుర్తింపు కార్డు ఇచ్చాడు. ఆఫీసరు కార్డునీ తెరనీ మార్చి మార్చి చూశాడు.

"అయితే ఇబ్బందేం లేదు. నామినీ మీరే," అన్నాడు.

పెళ్లి కాకముందు తెరిచిన ఖాతా. అప్పుడు అన్నకి తనవాడంటూ ఉన్నది తమ్ముడొక్కడే. తరవాత మార్చాలని ఎవరికీ తోచలేదు. మార్పించాల్సిన కాగితాల మనిషి కూడా తనే. తొమ్మిది లక్షల ఎనభై వేల చిల్లర ఉంది. ఆఫీసరు దారులు రెండు చెప్పాడు. నామినీగా అతనే సంతకం పెట్టి తీసుకోవచ్చు. లేదా నాకొద్దని రాసిస్తే, చట్టప్రకారం భార్యకి వెళ్తుంది. అప్పుడు ఆమె స్వయంగా రావాలి.

నాకొద్దని రాసిచ్చే ఫారం తీసుకుని బయటపడ్డాడు. బస్సు ఎక్కకుండా ఇంటిదాకా నడిచాడు. ఊరట కలగాలి, కలగలేదు. అన్న తనని నమ్మి ఒక చోట పేరు రాసుకున్నాడు, ఇంకోచోట సంతకం చేశాడు. ఆ రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటూ అతని తలలో తిరిగాయి.

అతని భార్య కర్టెన్లు కుట్టే షాపులో పనిచేస్తుంది. ఆ సాయంత్రం ఇంటికి తెచ్చుకున్న గుడ్డకి అంచు మడుస్తూ అంతా విన్నది. ఖాతా సంగతి, మొత్తం, నామినీ పేరు. ఆమె అత్యాశపరురాలు కాదు. కూతురి నర్సింగు చదువు ఆఖరి ఏడాది ఫీజు ఇంకా కట్టాలి, ఇల్లు గడవాలి, ఇంకో రెండు వారాల్లో జీతం ఆగిపోతుంది. అక్కకి ఇవ్వాల్సిందే గానీ సగం సగం చేసుకుంటే తప్పేంటని అడిగింది. చట్టం కూడా మీదేనంటోంది కదా, మనమేమీ దొంగతనం చెయ్యడం లేదు కదా, అంది. న్యాయమైన మాటే. దానికి జవాబు చెప్పాలంటే మొదటి గడి సంగతి చెప్పాలి.

అతను గదిలో అటూ ఇటూ నడుస్తూ చెప్పాడు. కూర్చుని చెప్పలేకపోయాడు. మోటారు గది, గుండ్రాయి మాట, టిక్కు, ఆరేళ్ల నుంచి వదిన కళ్లలోకి సూటిగా చూడలేకపోవడం, అన్నీ.

ఆమె సూది గుడ్డలో గుచ్చి పక్కన పెట్టింది. తరవాత సగం సగం మాట మళ్లీ ఎత్తలేదు.

"ఇది నాకు చెప్పి ఏం లాభమండీ? చెప్పాల్సింది అక్కకి," అంది.

ఆ తరవాత అతని జేబులోంచి పెన్షను ఫారం తీసి, నాలుగు పేజీలూ మొదటి నుంచి చివరిదాకా తానే చదివింది. అర్థంకాని చోట అడిగింది. రెండో గడిలో టిక్కు పెట్టించి, చివర తన సంతకం చేసి, మర్నాడే ఇచ్చెయ్యమంది.

ఫారం ఇచ్చాక, మధ్యాహ్నం అతను క్లినిక్కుకి వెళ్లాడు. ఉతికే గది కింద, మెట్లు దిగగానే ఉంటుంది. పెద్ద పెద్ద యంత్రాలు తిరుగుతున్నాయి, గదంతా ఆవిరీ సబ్బు వాసనా. వదిన ఒక బల్ల దగ్గర నిలబడి దుప్పట్లు మడతపెడుతోంది. మరిది ఈ వేళప్పుడు వచ్చాడంటే ఇంట్లో ఏమైనా జరిగిందేమోనని కంగారుపడింది. ఏమీ కాలేదన్నాడు. ఒక దుప్పటి అంచు పట్టుకుని ఆమెతో పాటు మడవడం మొదలుపెట్టాడు. చేతులకి పని ఉంటే తప్ప నోరు పెగిలేలా లేదు.

రెండు దుప్పట్లు అయ్యాక చెప్పాడు. దాచుకున్నదేమీ లేకుండా చెప్పాడు.

వదిన మడత ఆపలేదు. యంత్రం ఒకటి ఆగితే వెళ్లి, అందులో ఉన్నవి తీసి, కొత్తవి వేసి తిరిగొచ్చింది.

"రెండు వేలు ఎక్కువొస్తుందనా?" అని అడిగింది.

"అవును వదినా."

"ఆ రెండు వేలూ మీ అన్న ఏం చేశాడో తెలుసా నీకు? ప్రతి ఆదివారం నన్ను సినిమాకి తీసుకెళ్లేవాడు. బాల్కనీ టిక్కెట్లు. పెళ్లయిన కొత్తలో కూడా అలా తిప్పలేదు." ఇంకో దుప్పటి దులిపింది. "ఆ ఏడాది నాకు చాలా బావుండింది. అందుకే ఇంకా ఒళ్లు మండుతోంది. ఎక్కువ డబ్బు తీసుకోవడం తప్పని నేననను. నన్నడిగితే నేనూ ఆ గడే పెట్టమనేదాన్నేమో. కానీ అడగలేదు. మీరిద్దరూ మేడ మీద కూర్చుని నా బతుకు తేల్చేశారు. ఆయనకి తెలీదు సరే. చదివినోడివి, నీకు తెలుసు. ఆయన పోయాక నేను ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటే నువ్వు నా పక్కనే ఉన్నావు కదా?"

ఉన్నాడు. ఒకసారి కాదు, నాలుగుసార్లు ఆమెతో వెళ్లాడు. నాలుగుసార్లూ ఏమీ తెలియనట్టు నిలబడ్డాడు. సొంత ఖాతా కాగితం బల్ల మీద పెట్టి, అదేమిటో చెప్పాడు. తనకి ఒక్క పైసా వద్దని రాసిన ఫారం కూడా చూపించాడు.

ఆమె దాన్ని ముట్టుకోలేదు. "ఇవాళ వద్దు. తీసుకెళ్లు. నువ్వు కూడా వెళ్లు," అంది.

తరవాత పద్దెనిమిది రోజులు ఆమె నుంచి కబురు లేదు. చిన్న లిఫ్టుకి ఆ పద్దెనిమిది రోజులూ ఎలా గడిచాయో అతని భార్యకే తెలుసు. ఫోను మోగితే ఉలిక్కిపడతాడు. అన్నం ముందు కూర్చుని లేచిపోతాడు. వెళ్లి కాళ్ల మీద పడనా అంటాడు. వద్దు, అది కూడా మీ కోసమే అవుతుంది, ఆవిడ కోసం కాదు, అని భార్య ఆపింది. మధ్యలో కంపెనీలో వీడ్కోలు సభ జరిగింది. ఒక గోడ గడియారం ఇచ్చారు, నాలుగు మంచి మాటలు చెప్పారు. పెద్ద లిఫ్టు పేరు ఎవరో ఎత్తితే అందరూ చప్పట్లు కొట్టారు. చిన్న లిఫ్టు రెండు ముక్కలు మాట్లాడబోయి, నీళ్లు నమిలి కూర్చున్నాడు. అందరూ అది అన్న మీద అభిమానమనుకున్నారు.

పంతొమ్మిదో రోజు వదిన ఫోను చేసింది, అతనికి కాదు, తోడికోడలికి. ఫండు ఆఫీసు ఏయే రోజుల్లో ఉంటుందో, ఏమేం కాగితాలు తేవాలో కనుక్కుంది. నామినీ సంతకం అక్కడే చెయ్యాలట కాబట్టి మీ ఆయన్ని కూడా రమ్మను, అంది.

ఆఫీసులో అతను ఆఫీసరు ఎదుట, నాకొద్దు అన్న ఫారం మీద సంతకం చేశాడు. ఆఫీసరు రెండు కుర్చీలు చూపించాడు. చిన్న లిఫ్టు అలవాటుగా ఒకదాంట్లో కూర్చోబోయాడు. కాగితాలు ఉన్నచోట తనుండాలి కదా మరి.

"నువ్వు బయట ఉండు," అంది వదిన. గట్టిగా అనలేదు. "నాకు అర్థంకాకపోతే ఆయన్నే అడుగుతాను."

అద్దాల తలుపు బయట బెంచీ మీద కూర్చున్నాడు. లేచాడు. మళ్లీ కూర్చున్నాడు. లోపల వదిన కళ్లజోడు పెట్టుకుని ఒక్కో కాగితం మీదా వేలు ఆనించి ఏదో అడుగుతోంది. ఆఫీసరు చెబుతున్నాడు. ఆమె తల అడ్డంగా ఊపుతోంది, ఆయన మళ్లీ చెబుతున్నాడు. తొందరపడి సంతకం చేసేస్తుందేమో, ఎక్కువ వడ్డీ అనగానే ఏదో దానికి ఒప్పేసుకుంటుందేమో అని అతని ప్రాణం కొట్టుకుంది. రెండుసార్లు తలుపు పిడి మీద చెయ్యి వేశాడు. రెండుసార్లూ తీసేశాడు. గంటా పది నిమిషాలు పట్టింది.

బయటికొచ్చి ఆమె తానే చెప్పింది. మొత్తంలో రెండు లక్షలు చేతికి తీసుకుంది. మిగతాది నెలనెలా ఆరు వేల చొప్పున వచ్చేలా పెట్టింది. అంతకన్నా ఎక్కువొచ్చే పద్ధతి ఒకటుందట గానీ, అందులో అసలు కూడా తరిగిపోతూ వస్తుందని, ఎనభై దాటాక ఏమీ మిగలదని ఆఫీసరు చెప్పాడట. మా అమ్మ తొంభై రెండేళ్లు బతికింది, నాకది పనికిరాదని చెప్పేశానంది. క్లినిక్కులో వచ్చే నెల నుంచి ఒంటిపూట పనికి మారుతుందట. బొత్తిగా మానెయ్యదట, ఇంట్లో కూర్చుంటే తోచదట. చిన్న లిఫ్టు మనసులోనే లెక్క వేసుకున్నాడు. తప్పేమీ లేదు. అతనే చేసినా ఇంతకంటే బాగా చేసేవాడు కాదు.

ఆఫీసు మెట్లు దిగాక ఆమె ఆగింది. చేతిసంచిలోంచి ఒక కవరు తీసి అతనికిచ్చింది. అందులో యాభై వేలున్నాయి. చిన్న లిఫ్టు వెనక్కి తగ్గాడు, నాకొద్దని అప్పుడే రాసిచ్చాను కదా అన్నాడు.

"నీకెవరిచ్చారు? పిల్ల ఫీజు. మీ ఆవిడ చేతికివ్వు. దాని చదువుకి దాని పెద్దమ్మ ఇచ్చింది," అంది.

అతనికి ఏదో అనాలనిపించింది. క్షమించమని అప్పటికి చాలాసార్లు మనసులో అనుకున్నాడు. పైకి ఒక్కసారీ అనలేదు. ఇప్పుడన్నాడు. వీధిలో మనుషులు పక్కనుంచి నడుచుకుంటూ పోతున్నారు. ఆమె విన్నది. వింటూ సంచి తాళ్లు బిగించుకుంది.

"కోపం పోలేదు నాకు. పోతుందో లేదో కూడా తెలీదు. నువ్వు మాత్రం రోజూ ఫోను చేసి తిన్నావా ఉన్నావా అని నన్ను చంపకు. నేనే చేస్తాను," అంది.

ఆమె ఆ పక్క వీధిలోకి మళ్లింది. క్లినిక్కుకి మధ్యాహ్నం నుంచి వస్తానని చెప్పి వచ్చిందట. చిన్న లిఫ్టు కవరు చేత్తో పట్టుకుని కాసేపు అక్కడే నిలబడ్డాడు. ఆ రోజు అతను వెళ్లాల్సిన భవనం ఏదీ లేదు. నెమ్మదిగా, భార్య కుట్టే షాపు వైపు నడవడం మొదలుపెట్టాడు.